అబహా మంచులో అద్దాల్లేని నడక

వేసవి రాగానే రియాద్ ఎండ తప్పించుకోవడానికి అబహా కొండలకు వెళ్లడం నన్ను పనిలో పెట్టుకున్న కఫీల్ కుటుంబానికి అలవాటు. మలాజ్‌లోని వాళ్లింట్లో పదేళ్లకు పైగా డ్రైవర్‌ని కాబట్టి నాకూ అలవాటే. కాకపోతే వాళ్లు కొండ చూసేవాళ్లు, నేను పార్కింగ్ చూసేవాడిని. జూనిపర్ చెట్ల మధ్య కాలిబాట మొదలయ్యే చోట కారు ఆపితే, పిల్లలతో సహా అందరూ పాత రాతి బురుజు దాకా నడిచి వచ్చేవారు. మంచు కమ్మితే కారెక్కడుందో తెలిసేలా మధ్యమధ్య హారన్ కొడుతూ ఉండమని ఇంటావిడ చెప్పి వెళ్లేది. సరిగ్గా నాకు కునుకు పట్టే వేళకే ఆ మంచు దిగేది, ఒళ్లు మండేది. వాళ్ల చిన్నపాప మంచులోంచి పరుగెత్తుకొచ్చి అన్నిటికంటే ముందు బానెట్ మీద రెండు చేతులూ ఆనించేది. ఆ మురికి ముద్రలు తుడవడం నాకు అదనపు పని.

ఈ చలికాలం నా ఖురూజ్ ఖాయమైంది. ఇక రాయచోటికి పూర్తిగా వెళ్లిపోవడమే. ఫోన్‌లో పాత ఫోటోలు పంపిస్తే మా అమ్మాయి ఒక మాట అడిగింది. "అన్నిట్లో కారే ఉండాది గదా నాయనా, కొండ యాడ?" నవ్వేశాను గానీ ఆ మాట నన్ను వదల్లేదు. అన్నేళ్లు కొండ మీదికి బండి తోలి, ఆ బురుజు ఎలా ఉంటుందో చెప్పలేని వాడిగా ఇంటికి పోవడం నాకు ఇష్టం లేకపోయింది. రెండు రోజులు సెలవు అడిగితే కఫీల్ నన్ను వింతగా చూసి సరేనన్నాడు.

చలికాలంలో అక్కడికి జనం తక్కువ కాబట్టి విమానం టికెట్ వేసవి ధరలో సగానికే దొరికింది. బస్సు ఇంకా చౌక గానీ రోజులో సగం పైగా సీట్లోనే గడిచిపోతుంది. పొద్దున్నే బయల్దేరి రెండు గంటల్లోపే అబహాలో దిగాను. విమానాశ్రయం బయట దొరికిన టాక్సీవాడు జగిత్యాల మనిషి, పేరు మల్లేశం. తెలుగు వినపడగానే అడిగిన దాంట్లో కొంత తనే తగ్గించుకున్నాడు. ఊరు దాటి పైకి వెళ్లేసరికి గంట పట్టింది. మెట్లు మెట్లుగా కట్టిన పొలాలు, రోడ్డు పక్కన బిస్కెట్ల కోసం కాచుక్కూర్చున్న కోతులు అన్నీ తెలిసినవే. మొదటిసారి పక్క సీట్లో కూర్చుని చూస్తున్నాను, అంతే తేడా.

కాలిబాట దగ్గర మల్లేశం ఆకాశం వైపు చూశాడు. "ఒక్కనివే పోతున్నవ్, మొగులు దిగుతదన్నా. నేనీడనే ఉంట తియ్," అన్నాడు. వద్దన్నాను. ఒకరి కోసం బండిలో కూర్చోవడం ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు, ఇంకొకరిని అలా కూర్చోబెట్టడానికి మనసొప్పలేదు. సాయంత్రం అసర్ నమాజు వేళకు వస్తే చాలని చెప్పి పంపించేశాను.

నడక కష్టమేమీ కాదు. గంటలో బురుజు చేరాను. సగం కూలిపోయి ఉంది, రాళ్ల సందుల్లో గడ్డి మొలిచింది. దాని వెనక కొండ ఒక్కసారిగా తెగిపోతుంది, చాలా కింద తిహామా మైదానం మసకగా కనిపిస్తుంది. రొట్టె, నిమ్మకాయ ఊరగాయ తిని, మధ్యాహ్నం జొహర్ నమాజు చదువుకుని, కారు లేని ఫోటోలు తీసుకున్నాను. సంతోషం వేసింది. ఇంత దగ్గరలో ఉన్నదాన్ని ఇన్నాళ్లు చూడలేదే అని ఏడుపు కూడా వచ్చింది.

వెనక్కి తిరిగేసరికి లోయలోంచి మంచు పైకి లేచి చెట్లను మింగేసింది. అప్పుడు తెలిసింది నేను చేసిన తప్పు. డ్రైవర్‌కి వెనక దారి ఎప్పుడూ అద్దంలో కనిపిస్తూనే ఉంటుంది, తల తిప్పాల్సిన పని లేదు. ఆ అలవాటుతోనే నడిచాను, ఒక్కసారీ వెనక్కి తిరిగి చూడలేదు. వచ్చిన దారే తిరిగి వెళ్లేటప్పుడు పూర్తిగా కొత్త దారిలా ఉంది. బాట రెండుగా చీలిన చోట ఎటునుంచి వచ్చానో తెలియలేదు. ఒకవైపు నాలుగడుగులు వేస్తే కాలి కింద రాయి జారి కిందికి దొర్లింది, ఎంతసేపటికీ ఆగిన చప్పుడు రాలేదు. ఫోన్‌లో సిగ్నల్ లేదు. చెట్టు మొదలు పట్టుకుని కూర్చున్నాను. నిజంగా భయపడ్డాను. ఇంటికి పోయే టికెట్ చేతికొచ్చాక, ఒక బురుజు కోసం వచ్చి ఇక్కడ పోతానా అనుకున్నాను.

అప్పుడు హారన్ వినిపించింది. రెండు చిన్నవి, ఒకటి పొడవు. అసర్‌కి ఇంకా చాలా టైముంది, నాకోసమని అనుకోలేదు. కాసేపటికి మళ్లీ అదే. లేచి ఆ వైపు నడిచాను. అది ఆగినప్పుడు నేనూ ఆగాను, మోగినప్పుడు కదిలాను. అలా ఎంతసేపు నడిచానో తెలియదు, చెట్ల మధ్య పసుపు లైట్లు కనిపించాయి.

మల్లేశం ఫ్లాస్కులోంచి టీ పోసి ఇచ్చాడు. పోలేదా అని అడిగాను.

"సగం దూరం పోయి మర్లిన. మొగులు దిగినంక ఎట్ల పోతనే? నువ్వు గూడ డ్రైవర్‌వే గద," అన్నాడు.

అన్ని వేసవులు హారన్ కొట్టాను, అది మంచులో ఉన్నవాళ్లకు ఎలా వినిపిస్తుందో ఒక్కనాడూ ఆలోచించలేదు. అది జీతానికి చేసే పని అనుకున్నాను, నిద్ర చెడగొట్టే పని అనుకున్నాను. ఆ పాప మాత్రం ప్రతిసారీ బానెట్ మీద చేతులానించి అది నాకు చెప్పే వెళ్లింది, నేనే గుడ్డతో తుడిచేశాను. టీ తాగి కారెక్కబోతూ చూస్తే, మల్లేశం బానెట్ మీద మట్టితో రెండు చేతుల ముద్రలున్నాయి. నావే. ఎప్పుడు ఆనించానో నాకే గుర్తు లేదు.

చలికాలంలో అక్కడ నడవాలనుకునేవాళ్లకు ఒక్కటే చెబుతాను: కాసేపటికోసారి ఆగి, పూర్తిగా వెనక్కి తిరిగి, వచ్చిన దారిని చూసుకోండి, ఎందుకంటే మీరు తిరిగి వెళ్లాల్సిన దారి అలాగే కనిపిస్తుంది.