బింగో గుంపులో ఎవరిదీ కాని చుట్టం

కాండెలా నోటికి తాళం వేసుకుని అప్పటికి ఎనిమిది రోజులు. కాదిస్ రేవుపట్నంలో, లా వీన్యా పేటలో ఆవిడని ఎరిగినవాళ్ళెవరూ ఈ మాట నమ్మలేదు. ముప్పై ఏళ్ళు పెద్దాసుపత్రిలో నేల తుడిచిన మనిషి. ఏ మంచం మీది రోగికి ఏ అల్లుడితో పడదో, ఎవరు మందు మింగినట్టు నటించి దిండు కింద దాస్తున్నారో నర్సులే ఆవిణ్ణి అడిగి తెలుసుకునేవారు. ఉద్యోగం అయిపోయాక ఆ కుతూహలమంతా పేట మీద పడింది. వేసవిలో కాలేతా తీరం ఇసుక మీద, రెండు కోటల మధ్య గొడుగులు పాతుకుని ఆడవాళ్ళు ఆడే బింగో మీద కూడా పడింది.

తాళం వేయించింది ఆడపడుచు ఇనెస్. అరవై ఒకటో ఏట ఇనెస్‌కి ఒక మనిషి మీద మనసైంది. పెళ్ళాం పోయినవాడు, నెమ్మదస్తుడు. ఆయన్ని ఒకరోజు బింగోకి తీసుకొచ్చింది. పావుగంటలో కాండెలా ఆయన పింఛను ఎంతో, ఆపరేషను ఎక్కడ చేశారో, కూతురు ఎందుకు మాట్లాడదో రాబట్టేసింది. ఆయన నీళ్ళు తాగొస్తానని లేచి వెళ్ళి మళ్ళీ రాలేదు.

"ఒక్క మనిషిని ప్రశాంతంగా కూర్చోనివ్వవా వదినా! జనాభా లెక్కలవాళ్ళు నయం, గుమ్మంలో నిలబడి అడుగుతారు. నువ్వు కడుపులో దూరి అడుగుతావు" అని అందరి ముందూ ఏడ్చింది ఇనెస్.

ఆ ఏడుపు కాండెలాకి గుచ్చుకుంది. రోసారియో మాత మీద ఒట్టు పెట్టుకుంది, వేసవి అయిపోయేదాకా కొత్తవాళ్ళని ఏమీ అడగనని.

అందుకే ఆ బుధవారం మధ్యాహ్నం ఒంటిగంటకి ముందు ఒక ముసలాయన వచ్చి గొడుగుల పక్కన నిలబడినప్పుడు ఆవిడ పళ్ళు బిగించుకుంది. తెల్ల చొక్కా, ఇస్త్రీ ప్యాంటు, ఇసుకలో మేజోళ్ళతో బూట్లు. చేతిలో తువ్వాలు లేదు. అడగాల్సినవి పది కనిపిస్తున్నాయి. ఒక్కటీ అడగలేదు. ఎనభై దాటిన మనిషి ఎండలో ఊగుతున్నాడని కుర్చీ మాత్రం లాగి వేసింది. ఇనెస్ ఆయనకి నవ్వుతూ నీళ్ళ సీసా అందించింది. ఓహో, ఇనెస్ వైపు మనిషన్నమాట, అనుకుంది కాండెలా. ఈసారి నా వల్ల పారిపోకూడదు.

ఆయన ముందు బింగో చీటీ పెట్టారు, గురుతు పెట్టుకోడానికి గుప్పెడు శనగలు పెట్టారు. రెండింటికి అందరితోపాటు బంగాళాదుంప అట్టు, పిండిలో దొర్లించి వేయించిన మాంసం ముక్కలు, పుచ్చకాయ పెట్టారు. ఆయన మెల్లగా, శుభ్రంగా తిన్నాడు. ధన్యవాదాలని "గ్రాసియాస్" తప్ప మరో మాట రాలేదు. అప్పుడప్పుడు తలెత్తి ఊరి వైపు చూస్తున్నాడు, ఎవరో పిలుస్తారన్నట్టు. ఆ చూపు చూసినప్పుడల్లా కాండెలా నోటిదాకా ఒక ప్రశ్న వచ్చింది. తూర్పు గాలి లేచి గొడుగులు పటపటమంటున్నాయి. ఆవిడ నాలుక కొరుక్కుని అంకెలు పిలుస్తూనే ఉంది.

నాలుగూ ఇరవైకి, చక్రాల కుర్చీలో కూర్చుని ఆడే బెనితా, ముసలాయన చీటీలోకి తొంగిచూసింది.

"ఒసే ఇనెస్, మీ చుట్టానికి వరస నిండిపోయింది. బింగో అని అరవమని చెప్పు. పాపం, మర్యాదకి ఊరుకున్నాడు."

"నా చుట్టమా? నీతో వచ్చాడు కదా!"

"నాతో ఎక్కడొచ్చాడే? కుర్చీ వేసింది కాండెలా."

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మిగిలిన తొమ్మిది మందిని అడిగారు. ఎవరూ ఎరగరు. మూడున్నర గంటలుగా ఎవరిదీ కాని మనిషికి విందు పెట్టారు.

కాండెలా లేచి ఆయన మెడ దగ్గర చొక్కా కాలరులో వేలు దూర్చింది. లోపల నీలం తాడు, తాడుకి కార్డు. హెండ్రిక్ అన్న పేరు, పైన విహార ఓడ బొమ్మ. రేవుకి వచ్చే ఓడల వేళలు కాండెలాకి కంఠతా. ఈ ఓడకి ఐదింటికి మెట్లు తీసేస్తారు. ఐదున్నరకి తాళ్ళు విప్పుతారు.

"ఎవరో ఒకరు ఈయన కోసం ఊరంతా తిరుగుతూ ఉంటారు. మనం పుచ్చకాయ తినిపిస్తున్నాం" అంది.

ఇనెస్ అప్పటికే పోలీసులకి ఫోను కలిపింది. బండి పంపుతాం, అక్కడే ఉండమన్నారు. ఎంతసేపట్లో అంటే చెప్పలేమన్నారు. ఓడలొచ్చిన రోజు టాక్సీ ఈ చివరికి రాదు. నడిస్తే రేవు ఇరవై నిమిషాలు, అదీ మామూలు మనిషికి. ముసలాయన అడుగు జానెడు.

"బెనితా, దిగు."

"ఏంటీ?"

"కుర్చీ దిగు. ఇసుకలో కూర్చో."

"సముద్రం పోటు వస్తే?"

"ఆరింటిదాకా రాదు. వస్తే గట్టిగా కేకలెయ్యి, అది నీకు బాగా వచ్చు."

నలుగురు పట్టి బెనితాని తువ్వాలు మీద కూర్చోబెట్టారు. ఆవిడ తిడుతూనే ఉంది, తిడుతూనే ముసలాయన కాళ్ళు కుర్చీ మెట్టు మీద సర్దింది. ఈత దుస్తుల మీద పూల నైటీ తగిలించుకుని కాండెలా ఒక పిడి, ఇనెస్ ఒక పిడి పట్టుకున్నారు.

పాల్మా వీధిలో ఎదురుగాలి. వేడి గాలి మొహాన ఇసుక కొడుతోంది. బాల్కనీలోంచి ఎవరో అరిచారు: "కాండెలా! కొత్త మొగుడా? తోసుకుని ఎక్కడికి తీసుకుపోతున్నావే?"

ఇంకోరోజైతే ఆవిడ ఆగి మరీ బదులిచ్చేది. తలెత్తలేదు. రాళ్ళు పరిచిన వీధిలో చక్రం ఒక సందులో ఇరుక్కుంది. ఇద్దరూ గుంజారు. ముసలాయన ముందుకి తూలి, పట్టుకోబోయిన కాండెలా చేతిని గట్టిగా పట్టుకున్నాడు. ఆయన చెయ్యి చల్లగా ఉంది.

"టైమెంతైంది?"

"నాలుగూ నలభై ఒకటి. వదినా, నీ గుండె మందు వేసుకున్నావా?"

"తోయవే."

బజారు దాటి పూల కొట్ల కూడలిలోకి వచ్చేసరికి ముసలాయన ఒక్కసారిగా అరిచాడు. బూట్లు నేలకి ఆనించి కుర్చీని ఆపేశాడు. పక్కనే ఒక ఇనప బెంచీ. దాని చేతిని రెండు చేతులా పట్టుకుని లేవబోయాడు. ఇద్దరూ వేళ్ళు విడదీయబోతే ఇంకా బిగించాడు. ఒకటే మాట పదే పదే అంటున్నాడు. భాష తెలియదు, కానీ బతిమాలుతున్నాడని తెలుస్తోంది.

"లాగెయ్యి వదినా! టైము అయిపోతోంది!"

"ఆగు" అంది కాండెలా. ఆసుపత్రిలో ఇలాంటి చేతుల్ని చూసింది. లాగితే విరుగుతాయి కానీ వదలవు. ఈయనకి ఎవరో చెప్పారు, ఇక్కడే కూర్చో, ఇప్పుడే వస్తానని. ఈ బెంచీ వదిలి ఆయన ఒకసారి మాట తప్పాడు. రెండోసారి తప్పనంటున్నాడు.

ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుంది. ఆయన ఉంగరం వేలిని ముట్టుకుంది. తన చేతికి ఇంకా ఉన్న పెళ్ళి ఉంగరాన్ని చూపించింది. తర్వాత రేవు ఉన్న దిక్కుకి వేలు చూపి, కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని ఎవరినో వెతుకుతున్నట్టు చూపించింది. ఆయన ఆవిడ మొహంలోకి చూశాడు. ఎంతసేపో చూశాడు. పూల కొట్టు ఆవిడ బకెట్టు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఇనెస్ గడియారం చూసి పెదవి కొరుక్కుంది.

ఒక వేలు వదిలింది. తర్వాత మిగిలినవీ.

ఇక పరుగే. టౌను హాలు ముందుకి వచ్చేసరికి గోపురం మీది గడియారం ఐదు కొడుతోంది. ఆ వెనకే ఓడ కూత, ఇళ్ళ గోడలకి తగిలి ఛాతీలోకి దిగింది. కాండెలా చెప్పు ఒకటి ఊడింది. వెనక్కి తిరగలేదు.

రేవు గేటు దగ్గర కాపలాదారు ఫెర్మీన్ చెయ్యి అడ్డం పెట్టాడు. "అమ్మా, ఈ బట్టలతో లోపలికి... అసలు కార్డు లేనిదే..."

"మాకు లేదు నాయనా, ఈయనకి ఉంది! ఒంటిగంట నుంచీ కాలేతాలో మా దగ్గరే ఉన్నాడు. చూడు!"

ఫెర్మీన్ కార్డు చూశాడు. మొహం మారిపోయింది. రేడియోలో ఏదో గబగబా చెప్పి, "మధ్యాహ్నం నుంచీ ఈయన కోసమే అందరూ పరిగెడుతున్నారు. పెద్ద చర్చి చుట్టుపక్కలంతా గాలించారు. కాలేతా వైపు అంత దూరం నడుస్తాడని ఎవరనుకుంటారు?" అన్నాడు.

కంచె సందుల్లోంచి కాండెలాకి రేవు గట్టు కనిపించింది. ఓడ మెట్లు రెంటిలో ఒకటి తీసేశారు. రెండో దాని దగ్గర తెల్ల బట్టల అధికారి నిలబడి ఉన్నాడు. అతని ముందు నేల మీద రెండు పెట్టెలు. ఒకదాని మీద ఒక ముసలావిడ కూర్చుని ఉంది, వీపు నిటారుగా, మందుల షాపు సంచీ ఒళ్ళో పెట్టుకుని. ఆయన లేకుండా ఎక్కనని సామాను దింపించేసుకుందట. తెలియని ఊళ్ళో, తెలియని భాషలో దిగిపోవడానికి సిద్ధపడి కూర్చుంది.

ఫెర్మీన్ కుర్చీ తోసుకుంటూ పరిగెత్తాడు. ముసలావిడ చూసింది. తర్వాత లేచింది. ఆయన మీద చేతులు వేసి తల, భుజాలు, మోకాళ్ళు అన్నీ తడిమింది, ఏదైనా తక్కువైందేమోనన్నట్టు. ఆ తర్వాత కంచె వైపు తిరిగింది. గేటు దాకా వచ్చింది. కాండెలా మొహానికి మూరెడు దూరంలో నిలబడి అరవడం మొదలుపెట్టింది. గాలి ఆ మాటల్ని సగం ఎత్తుకుపోతున్నా ఆగలేదు.

వెనకే వచ్చిన ఫెర్మీన్ ఇబ్బందిగా కదిలాడు. "కొంచెం ఇంగ్లీషులో అంటోంది. చెప్పమంటావా అమ్మా?"

"చెప్పు."

"నాలుగు గంటలు! నాలుగు గంటలు ఒక్కరైనా అడగలేదా, మీరెవరని? అంటోంది."

కాండెలా కంచె పట్టుకుంది. ఒట్టు పెట్టుకున్నానని చెప్పడానికి నోరు రాలేదు.

"ఆవిడది నిజమే అని చెప్పు. ఆయన భోజనం చేశాడని కూడా చెప్పు. మాంసం ముక్కలు మూడు తిన్నాడు. నీళ్ళు తాగాడు. నీడలోనే కూర్చున్నాడు."

ఫెర్మీన్ చెప్పాడు. ముసలావిడ అరుపు ఆపి, కాండెలా చెప్పు లేని కాలి వైపు చూసింది. ఆ పాదం చీరుకుని రక్తం కారుతోంది. సంచీలోంచి ప్లాస్టరు పట్టీల డబ్బా తీసి, కంచె సందులోంచి కాండెలా చేతిలో కుక్కి, వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

పెట్టెలు మళ్ళీ పైకెక్కాయి. ముసలాయన కుర్చీలోంచి లేచి, ఆవిడ మోచెయ్యి పట్టుకుని, ఒక్కో మెట్టూ ఎక్కాడు. అధికారి వాళ్ళ వెనకే ఎక్కాడు. బెనితా ఖాళీ కుర్చీని ఫెర్మీన్ గేటు దాకా తోసుకొచ్చాడు. మెట్లు లోపలికి పోయాయి. ఐదున్నరకి అవతల గట్టు మీద మనుషులు తాడు విప్పి నీళ్ళలో వదిలారు.

కాండెలా గేటు పక్క కాలిబాట మీద కూలబడింది. ఇనెస్ పక్కన కూర్చుని, డబ్బా తెరిచి, ఆవిడ పాదం తన ఒళ్ళోకి లాక్కుంది.

"అడుగు వదినా" అంది, పట్టీ అతికిస్తూ.

"ఏమడగను?"

"ఏదైనా. ఎవరినైనా. ఇక నిన్నెవరూ ఏమీ అనరు."

కాండెలా తలుపు మూసుకున్న ఓడ పక్కగోడ మీద, వరసలు వరసలుగా ఉన్న చిన్న కిటికీల్లో ఆ ఇద్దరిదీ ఏదై ఉంటుందా అని వెతుకుతోంది.