వేలి మీద బాగా తిరిగిన బేరింగ్

1986లో దుబాయ్‌లోని నైఫ్ సందుల్లో ఒక బేరింగుల దుకాణంలో కౌంటర్ మీద ఉండేవాణ్ణి. నీళ్ల పంపులు, ఏసీ ఫ్యాన్లు, సిమెంటు మిక్సర్లు, తిరిగేది ఏదైనా సరే దాని బేరింగ్ మా డ్రాయర్లలో ఉండేది. అప్పటికి నాకు ఏడేళ్ల అనుభవం. బేరింగుని పెన్సిలుకి తొడిగి, వేలితో ఒక్క తిప్పు తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని మంచిచెడ్డలు చెప్పేసేవాణ్ణి. ఆ చెవి మీద నాకు ఎంత పొగరో!

ఆ రోజుల్లో రిమోట్ కార్ల పిచ్చి ఊరికి పట్టుకుంది. పిల్లలకే అనుకునేరు, గడ్డాలు నెరిసినవాళ్లకు కూడా. శుక్రవారం వస్తే చాలు, తారు మీద కొందరు, ఇసుకలో కొందరు పందేలు. ఆ కార్ల చక్రాల్లో కంపెనీవాళ్లు ప్లాస్టిక్ బుష్‌లు, అంటే ఇరుసు తిరిగే చిన్న గొట్టాలు పెట్టి పంపేవారు. వేగం కావాలన్నవాళ్లు వాటిని తీసేసి బాల్ బేరింగులు వేయించుకునేవారు. ఒక్కోటి వేలి గోరంత.

వాటిలో రెండు రకాలు. జడ్‌జడ్ అంటే రెండు పక్కలా రేకు మూతలు. మూతకీ లోపలి రింగుకీ మధ్య వెంట్రుకంత సందు ఉంటుంది, అందుకే హాయిగా తిరుగుతుంది. టూ ఆర్ఎస్ అంటే రబ్బరు మూతలు. రబ్బరు రింగుని ఒరుసుకుంటుంది కాబట్టి వేలితో తిప్పితే వెంటనే ఆగిపోతుంది. ఒక అరబ్బు పెద్దమనిషి తన కారుకి ఎనిమిది కావాలంటే రెండు రకాలూ తిప్పి చూపించాను. రేకుది గిర్రున తిరిగింది. ఆయన ముఖం వెలిగిపోయింది. నేనూ అదే అంటగట్టాను. కారు ఎక్కడ తిరుగుతుందని అడగనేలేదు.

మూడు వారాలకు, ఒక శనివారం సాయంత్రం అసర్ నమాజు అయ్యాక ఆయన మళ్లీ వచ్చి కారుని కౌంటర్ మీద దబ్బున పెట్టాడు. వెనకాలే ఆయనింట్లో పనిచేసే సత్యవతి, నలభై ఏళ్ల మనిషి. గోదావరి జిల్లా నుంచి వచ్చి ఐదు నెలలైందట. కళ్లు ఉబ్బిపోయి ఉన్నాయి.

"నిన్న ఇసుకలో, దోస్తులందరి ముందు చక్రం బిగుసుకుపోయింది. ఈమె గురువారం దీన్ని కుళాయి కింద పెట్టి కడిగింది. పానీ కా కామ్ హై, నా? నీళ్ల వల్లే కదా? నువ్వు అవునంటే రేపే ఈమె వీసా కేన్సిల్," అంటూ ఆమె పాస్‌పోర్ట్ జేబులోంచి తీసి కారు పక్కన పెట్టాడు.

"చక్రాలకి మట్టి పట్టేసిందండి, పాత బ్రష్షుతో తోమేనండి," అంది ఆవిడ నాతో. "బాబుగారూ, ఇలా తోలేసేరంటే ఏదో దొంగతనం చేసిందనుకుంటారండి. ఊళ్లో నా మొహం ఎలా చూపించుకోనండి?"

"జర ఆగు అక్కా, చూస్తున్న గదా," అన్నాను.

బేరింగు ఊడదీసి సూదిమొనతో రేకు మూత లేపాను. నీళ్లే పాడుచేస్తే లోపల ఎర్రటి తుప్పు ఉండాలి. తుప్పు పైపైన పొరలా ఉంది, అంతే. లోపల గ్రీజు ఇసుకతో కలిసి నల్లటి ముద్దైపోయింది. గుండ్లు తిరిగే దారంతా గీతలు. ఒక్క రోజులో అయ్యే పని కాదది. పిండిలాంటి ఇసుక ఆ వెంట్రుకంత సందులోంచి మూడు వారాలుగా దూరుతూనే ఉంది. ఎవరూ ఏమీ అనకముందే నేను భుజాలు తడుముకున్నాను.

మా ముదీర్, అంటే దుకాణం మేనేజరు, నా వెనక నుంచి చూసి సంగతి పట్టేశాడు. ఆ పెద్దమనిషి గ్యారేజీలకు సరుకంతా మా దుకాణం నుంచే వెళ్లేది. నా చెవిలో, "పానీ బోల్ దో. ఖలాస్," అన్నాడు. నీళ్లే అని చెప్పెయ్, అయిపోతుంది.

తల వంచుకున్నాను. ఇక్కడ గొప్పలు చెప్పుకోను. ఆ క్షణంలో నాకు సత్యవతి గుర్తు రాలేదు, నా వీసా గుర్తొచ్చింది. ముదీర్ తలుచుకుంటే అది కేన్సిల్ చేయించడం ఎంతసేపు? ఆ చిన్న బేరింగుని గుడ్డతో తుడుస్తూ, తుడుస్తూ ఉండిపోయాను.

"యల్లా, బోలో!" అని ఆయన కౌంటర్ మీద చరిచాడు.

"సాబ్, చప్పుడు ఎప్పటినుంచి వస్తోంది?" అన్నాను.

ఆయన కాస్త ఆలోచించాడు. "అంతకుముందు శుక్రవారం పందెం నుంచి. గరగరమని."

"ఈమె కడిగింది మొన్న గురువారం. అంటే కడగకముందే పోయింది సాబ్. మేరా గల్తీ. ఇసుకలో తిరిగేదానికి రబ్బరుది ఇవ్వాలి, నేను రేకుది ఇచ్చాను."

ముదీర్ పళ్లు కొరికాడు. ఆయన నమ్మలేదు. నేను రకానికొకటి కొత్తవి తీసి, గుమ్మం దగ్గరి సన్నటి ఇసుక చిటికెడు చొప్పున రుద్ది, ఆయన చేతికే ఇచ్చి తిప్పమన్నాను. కాసేపటికి రేకుది కరకరలాడింది. రబ్బరుది మొదట ఎంత బద్ధకంగా తిరిగిందో అంత బద్ధకంగానే తిరుగుతోంది.

ఆయన రబ్బరువి ఎనిమిది తీసుకున్నాడు. పాస్‌పోర్ట్ జేబులో పెట్టుకుని, ఆమెకేసి చూడకుండానే "చలో, ఘర్ చలో" అని బండి తీయడానికి వెళ్లాడు.

సత్యవతి ఒక్క నిమిషం ఆగింది. దండం పెడుతుందేమో అనుకున్నాను. 'వద్దులే అక్కా' అనడానికి సిద్ధమైపోయాను కూడా.

"ఐదు నెలల్లో నాకూ హిందీ వచ్చేసిందండి," అంది. "ఆయన మీ చెవిలో అన్నది వినపడిందండి. మీరు తల వంచుకుని అది తుడుస్తానే ఉన్నారు చూడండి, నా పని అయిపోయిందనుకున్నానండి. అంతసేపు ఎందుకు పట్టిందండి?"

నా జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయింది. మర్నాటి నుంచి ముదీర్ నన్ను గోడౌన్‌కి తోసేశాడు, ఎండాకాలమంతా అక్కడ పెట్టెలు మోశాను. మళ్లీ కౌంటర్ మీదకి వచ్చాక ఎవరు బేరింగ్ అడిగినా ముందు 'ఎక్కడ తిరుగుతుంది?' అని అడిగేవాణ్ణి, వేలితో తిప్పి చూపించడం మానేశాను. పని అంతవరకు నేర్చుకున్నాను. ఆవిడ అడిగినదానికి జవాబు నాకు అప్పుడే తెలుసు. భయపడ్డాను అక్కా, అని అనాల్సింది. ఆ ఒక్క మాట అనలేకపోయాను.