తెలియని వ్యక్తి తయారుచేసినది

మా అన్న ఫోనులో నా పేరు ‘తెలియని వ్యక్తి’. ఒకే తల్లి కడుపున పుట్టాం, ఒకే కప్పు కింద పోట్లాడుకుంటూ పెరిగాం. అయినా నేను తయారుచేసిన యాప్ ఎక్కించబోయినప్పుడల్లా ఆ ఫోను బర్మీస్‌లో అదే మాట అంటుంది: ఇది తెలియని వ్యక్తి తయారుచేసినది, మీ ఫోనుకు హాని జరగవచ్చు.

అన్న మేముండే ఈ బర్మా ఊళ్ళోనే, బోటాటౌంగ్‌లో ఒక గోదాములో గుమాస్తాగా చేసేవాడు. పక్షవాతం వచ్చి కుడిచెయ్యితో పాటు మాటా పోయింది. మనం అన్నది అర్థమవుతుంది, తను అనదలచింది నోట రాదు. నేను పిల్లలకు కంప్యూటరు పాఠాలు చెప్పుకునేదాన్ని. అన్న కోసం కూర్చుని యాప్ రాయడం నేర్చుకున్నాను. బొమ్మ నొక్కితే మాట వినిపిస్తుంది, ఇంట్లోవాళ్ళకు తెలుగులో, బయటివాళ్ళకు బర్మీస్‌లో. గొంతు నాదే. నన్ను తిట్టడానికి కూడా ఒక బొమ్మ కావాలని పట్టుబట్టి పెట్టించుకున్నాడు. నా గొంతుతో నన్నే “నోరు ముయ్యే” అనిపించి, ఎడమవైపు మూతితో నవ్వేవాడు.

ఏదో ఒక తప్పు దిద్దడం, మళ్ళీ ఎక్కించడం, మళ్ళీ ఆ హెచ్చరిక. మా వదినకు అది చూస్తే గుండెదడ.

“ఏటమ్మా ఇది? పోనుకి హానంటంది.”

“నేను చేసిందే వదినా. నన్ను నువ్వెరగవా?”

“ఎరుగుదును గనకే బయమేస్తంది.”

ఒకరోజు అన్న నన్ను కూర్చోబెట్టి, ఒక బొమ్మ తరవాత ఒకటి చూపించడం మొదలుపెట్టాడు. డాక్టరు, నోరు, రేపు. నేను ఊహించి అడుగుతూ పోయాను, తను కాదని తల ఊపుతూ పోయాడు. చివరికి అవునన్న ప్రశ్న ఇది: నాకు మళ్ళీ మాట వస్తుందా?

“నేనడుగుతాను డాక్టర్ని,” అన్నాను. ఎడమచెయ్యి గట్టిగా అడ్డంగా ఊపాడు. తనే అడగాలి. ఆ ప్రశ్నకూ ఒక బొమ్మ పెట్టి, బర్మీస్‌లో నా గొంతు పట్టి ఇచ్చాను. దాన్ని రోజూ నొక్కి విని చూసుకునేవాడు.

ఈ ఊళ్ళో ఇల్లు కదిలేముందు గొడుగు తీసుకున్నంత మామూలుగా, ఫోనులో ఉన్నవి చెరిపేసి తుడుచుకుంటాం. దారిలో సైనికులెవరైనా ఆపి ఫోను చూపించమంటే, అడగడానికేమీ దొరక్కూడదు. చౌక్తడా పేటలో డాక్టరు దగ్గరికి బయల్దేరిన ఉదయం వదిన తన ఫోనూ తుడిచింది, అన్నదీ తుడిచింది.

“ఊలే, ఎలా ఉంది?” అన్నాడు డాక్టరు. ఇక్కడ పెద్దవాళ్ళను అలాగే బాబాయ్ వరసలో పిలుస్తారు. అన్న ఫోను తీసి యాప్ ఉండే చోట వేలు పెట్టాడు. లేదు. పక్క పేజీ తిప్పాడు. అక్కడా లేదు.

“నువ్వు తీసేసేవా?” అని వదినను అడిగాను.

“తియ్యనా మరి? హాని అని రాసున్నదాన్ని పట్టుకుని రోడ్డెక్కుతామేటి? ఎవులు చేసేరంటే నీ పేరు చెప్పాలా?”

నాకోసం తీసింది. నా ఫోనులోంచి పంపించాను. మళ్ళీ ఆ హెచ్చరిక, కింద ‘అయినా ఎక్కించాలా?’ డాక్టరు తలుపువైపు చూస్తున్నాడు, బయట జనం.

“నొక్కన్నా,” అన్నాను.

అన్న వదిన ముఖం చూశాడు. ఇదే ఫోను పట్టుకుని ఆమె తిరిగి ఇంటికి రావాలి. వద్దు అన్నచోట నొక్కాడు.

ఊరుకోవలసింది. నా నోరు ఊరుకోలేదు. “మా అన్నకు మళ్ళీ మాట వస్తుందా అండీ?” అని అడిగేశాను.

“ఇన్నాళ్ళయ్యాక కష్టం. పెద్దగా ఆశ పెట్టుకోకండి,” అన్నాడు డాక్టరు. మెత్తగానే అన్నాడు. కానీ అన్నతో అనలేదు, నాతో అన్నాడు, అన్న ఆ గదిలో లేనట్టు.

ఇన్నాళ్ళూ డాక్టర్లతో, బస్సువాళ్ళతో, అందరితో వాదించినదాన్ని. ఆ ప్రశ్న ఆయనది, ఆయనకు చెప్పండి అని ఒక్క మాట అనాల్సింది. అది నోట్లోకి వచ్చేసరికి అన్న లేచి, కాలీడ్చుకుంటూ తలుపుదాకా వెళ్ళిపోయాడు.