సబ్బు లైసెన్సు

ఆ రోజుల్లో మా జనగామలో లైసెన్సు అంటే ఒకటే అర్థం: తుపాకీ. దొరల గడీల్లో లైసెన్సు తుపాకులుండేవి, దొరలపై తిరగబడ్డ సంగం వాళ్లు వాటిని గుంజుకుపోయేవారు. లోకంలో ఇంకోరకం లైసెన్సు కూడా ఉంటుందని నాకు తెలిసింది పదహారేళ్లప్పుడు, ఊరి బయట సేటుగారి సబ్బుల కార్ఖానాలో కూలికి కుదిరాక. పట్నంలో సర్కారు వాళ్లు ఆముదంతో గట్టి సబ్బు చేసే పద్ధతి కనిపెట్టారట. ఆ పద్ధతి వాడుకునే హక్కు మా సేటు సంపాదించాడు. ఆ హక్కు కాగితమే లైసెన్సు. సేటు దానికి అద్దం కట్టించి, దేవుడి పటం పక్కన వేలాడదీసి, రోజూ ఊదుబత్తి తిప్పేవాడు. (ఇంత పూజ చేసినా సబ్బుకు నురగ వచ్చేది కాదు, అది వేరే సంగతి.)

ఈ ముచ్చట ఇంట్లో చెప్పాను. మా అవ్వ (మా వైపు తల్లిని అవ్వ అంటాం) కడుపులో మాట దాచుకునే మనిషి కాదు. మర్నాడు చేదబావి దగ్గర "మా పిల్ల పనిజేసే సేటుకు సర్కారు లైసెన్సిచ్చింది" అని గొప్పలు పోయింది. సబ్బు అన్న మాట చెప్పడం మరిచిపోయింది. ఇంకేం, పోలీసులంతా సంత బందోబస్తుకు పోయిన రోజు చూసుకుని, గొంగళ్లు కప్పుకున్న ముగ్గురు పట్టపగలే కార్ఖానాలో జొరబడ్డారు. "సేటూ, లైసెన్సు తుపాకి తియ్యి!" అన్నాడు ముందున్నవాడు. ఆ గొంతు వినేసరికి నా చేతిలో సబ్బు జారి కిందపడింది. సంగంలో చేరి, నెలల తరబడి ఇంటి మొహం చూడని మా అన్న!

సేటు గబగబా అద్దం పటం చూపించాడు. అన్న ఉర్దూ బడిలో చదివినవాడు. కూడబలుక్కుని చదివి తల పట్టుకున్నాడు.

"వారీ, మీ ఇల్లు పాడుగాను! గిది సబ్బు లైసెన్సురా!"

అందరూ పడీపడీ నవ్వారు. సేటు కూడా నవ్వాడు, భయానికే అనుకుంటాను.

"గీ ముచ్చట ఎవలు లేపిండ్రే?" అని అన్న నన్నడిగాడు.

"అవ్వ."

అన్న నవ్వు ఆగిపోయింది. "మంచిగున్నదా అవ్వ?"

"యాడ మంచిగుంటది అన్నా? అన్నం ముంగట కూసుంటే నీ పేరే తీస్తది. ఒక్కపారి మొకం సూపెట్టి పో."

వచ్చాడు. సేటు ఇచ్చిన సబ్బుతో అవ్వ అన్న వీపు రుద్దింది. ఎంత రుద్దినా నురగ లేదు. "గిదేం సబ్బు బిడ్డా, మట్టి పోతనే లేదు!" అంది. "పోకుంటే పోనీ, నువ్వు రుద్దవ్వా" అన్నాడు అన్న కళ్లు మూసుకుని. అదే మంచి సబ్బయితే ఆ స్నానం ఎప్పుడో అయిపోయేది. అన్నం తిని, పొద్దుగూకకముందే వెళ్లిపోయాడు. ఆ చలికాలంలో, భూపాలపల్లి వైపు అడవిలో కాల్పుల్లో పోయాడని కబురొచ్చింది. శవం మా ఇంటికి రాలేదు. నేను ఏడ్చాను. అవ్వ మాత్రం నమ్మలేదు.

ఆ తర్వాత చేదబావికి పోయినప్పుడల్లా, అవ్వ గొంతు పెంచి "సేటుకు ఇంకో లైసెన్సొచ్చిందట!" అనేది. నేను తెలివిగలదాన్ని కదా, "ఏ లైసెన్సూ రాలేదవ్వా" అని నలుగురిలో సరిదిద్దేదాన్ని. అవ్వ నావైపు చూసి, కడవ ఎత్తుకునేది.

ఇప్పుడు నాకు అప్పటి అవ్వ కంటే ఎక్కువ వయసు. ఆ పదహారేళ్ల పంతులమ్మను తలచుకుంటే నవ్వొస్తుంది. దాన్ని పక్కకు పిలిచి చెప్పాలనిపిస్తుంది: "ఊకో పిల్లా. అవ్వను చెప్పనీ. ఇంకా గట్టిగ చెప్పనీ. అడవి దాంక ఇనవడాలె."