హెల్మెట్‌కు పెట్టిన బొట్టు

ఈ మాట గొంతులో అడ్డం పెట్టుకుని ఏళ్ళు గడిపాను. ఇక నా వల్ల కాదు. నా మీద నాకే ఒళ్ళు మండుతోంది, మీరైనా వినండి.

మా ఆయనది గిద్దలూరులో వెల్డింగ్ షాపు. ఒక చేత్తో రాడ్, ఇంకో చేత్తో ఇనుము పట్టుకుంటే నల్లద్దం పట్టుకోవడానికి చెయ్యేది? కళ్ళు మూసుకునే అతికించేవాడు. తర్వాత కళ్ళలో ఇసుక పోసినట్టుందని మూలిగేవాడు. నేనే పోరు పెట్టి మార్కాపురం తీసుకెళ్ళి, నిప్పు వెలగగానే అద్దం దానంతటదే నల్లబడే హెల్మెట్ కొనిపించాను. అద్దం పైనున్న రెండు చుక్కలే వెలుగును కనిపెడతాయనీ, వాటికేదీ అడ్డం రాకూడదనీ, మా ఆయన డబ్బు లెక్కపెట్టుకుంటుంటే దుకాణదారు లైటర్ వెలిగించి మరీ నాకు చూపించాడు. విన్నాను. చెవిటిదాన్నేం కాదు కదా!

దసరాకు ఆయుధపూజలో సుత్తికి, మిషన్‌కు, అన్నిటికీ బొట్లు పెట్టాను. హెల్మెట్‌కు ఎక్కడ పెడతాం? నుదుట. ఆ చుక్కలున్నదీ అక్కడే. గంధం దిట్టంగా పులిమి కుంకుమ అద్దాను. దుకాణదారు మాట ఆ క్షణంలో గుర్తు రాలేదంటే నమ్ముతారా? రాలేదు. పూజ బొట్టు కదా, ఆయనా చెరపలేదు. మరునాడు రాడ్ తాకించగానే అద్దం నల్లబడక వెలుగంతా కళ్ళలో కొట్టింది. హెల్మెట్ విసిరేసి కూలబడ్డాడు. నాకప్పుడే అర్థమైంది. నీళ్ళు తెచ్చే వంకతో దాన్ని తీసి, బొట్టును కొంగుతో తుడిచేశాను. ఎందుకు? తిడతాడనా? పూజ చేసి కీడు తెచ్చానంటారనా?

హెల్మెట్ పాడైందని మార్కాపురం పట్టుకెళ్ళాం. దుకాణదారు మళ్ళీ లైటర్ వెలిగిస్తే అద్దం చక్కగా నల్లబడింది.

"బాగనే పనిచేస్తాంది గదన్నా! అక్కా, దీని ముందర ఏమన్నా అంటుకున్యాదా?" అని అతను నన్నే అడిగాడు.

"ఏం లేదు తమ్ముడూ," అన్నాను.

"ఇంకేంది! నకిలీది అంటగట్టి నన్ను అబద్ధాలోణ్ణి చేస్తాండావా?" అని మా ఆయన దాన్ని అక్కడే పడేసి వచ్చాడు.

ఆ తర్వాత ఏ హెల్మెటూ ముట్టలేదు. మళ్ళీ కళ్ళు మూసుకునే పని. ఇప్పుడు చూపు మసకబారింది. మొండిమనిషితో వేగుతున్నానని చుట్టాలు నా ఓపికను మెచ్చుకుంటారు. ఓపికట! వాళ్ళ మెప్పు వింటుంటే అరవాలనిపిస్తుంది.

"ఆ దుకాణపోడే నా కండ్లు తీసినాడు," అని ఆయన ఇప్పటికీ తిడతాడు. నిన్న కూడా ఊ కొట్టాను.

బొట్టు తెలియక పెట్టాను, సరే. తెలిసే తుడిచాను. ఆయనకింకా చెప్పలేదు. మీకు చెప్పాను, కాస్త ఊపిరాడుతోంది.