మూడు, ఏడు, ఒకటి

తీసా నది పక్క పల్లపు నేలల్లో పంపు ఆగితే ఊరు మునుగుతుంది. అయినా ఆ పంపులు ఎలా నడపాలో, ఏ తూము ఎప్పుడెత్తాలో చాలా ఏళ్లు మెకానిక్కుల బుర్రల్లోనే ఉండేది. వాళ్లతోపాటే పోయేది. అలా పోనివ్వకూడదని పట్టుపట్టింది స్పోమెంక. కాలువల శాఖలో సూచనల పత్రాలు రాయడం ఆమె పని. సైకిలేసుకుని పంపుహౌసులన్నీ తిరిగి, మెకానిక్కులతో కాఫీ తాగుతూ విన్నది విన్నట్టు దించుకునేది.

ఆమెది సాదా రాత. శీర్షిక ముందు ఒక హ్యాష్ గుర్తు, జాబితాలో ప్రతి వరస ముందు ఒక అంకె, చుక్క. అంతే. ఏ డొక్కు కంప్యూటరైనా దాన్ని తెరుస్తుంది. అచ్చు వేసేటప్పుడు ఒక ప్రోగ్రాం ఆ గుర్తులు చూసుకుని కాగితాన్ని తీర్చిదిద్దుతుంది.

వంతెన పక్క పంపుహౌసును ముప్ఫయ్యేళ్లు చూసిన రాదివోయ్, రిటైరయ్యే వారం ఆమెను కూచోబెట్టి వరద రోజు చేయాల్సింది చెప్పాడు. మూడో తూము పూర్తిగా ఎత్తాలి. ఏడోది సగం ఎత్తాలి. ఒకటోది దించాలి. "నాలుగోది ముట్టుకున్నారో, పల్లపు పేటవాళ్లు తలా ఒక పడవ కొనుక్కోవాల్సిందే," అన్నాడు. ఆమె నవ్వింది. ఆ మాట రాసుకోలేదు.

తూము అంకెను వరస మొదట్లో పెట్టి, చుక్క పెట్టి, ఎదురుగా చేయాల్సింది రాసింది.

"అచ్చు కాగితం ఒకసారి చూడనీ అమ్మాయ్. కళ్లద్దాలు కూడా తెచ్చుకున్నా," అన్నాడు రాదివోయ్.

"నువ్వు చెప్పిందే బాబాయ్. అక్షరం మారలేదు," అని, చూపించకుండానే అతన్ని పంపేసింది.

అక్షరం మారలేదు, అంకెలు మారాయి. వరస మొదట్లో అంకె, చుక్క కనిపిస్తే ఆ ప్రోగ్రాం దాన్ని వరస సంఖ్య అనుకుంటుంది. మొదటిదాన్ని ఉంచి, మిగతావి తనే లెక్కపెట్టుకుపోతుంది. మూడు, ఏడు, ఒకటి అని రాసింది మూడు, నాలుగు, అయిదు అని అచ్చయింది. ఆ కాగితాన్నే ప్లాస్టిక్ తొడుగులో పెట్టి పంపుహౌసు గోడకు అంటించారు.

రాదివోయ్ స్థానంలో స్రేతెన్‌ను కాంట్రాక్టు మీద తీసుకున్నారు. శిక్షణ లేదు, గోడ మీద కాగితమే గురువు. అతనిది పల్లపు పేటే. ఏ తూము నీళ్లు ఎటు పోతాయో ఆ పేటవాళ్లకు ఏ శాఖా ఏనాడూ చెప్పలేదు. మార్చిలో వరదొచ్చింది. స్రేతెన్ కాగితం చదివి, నాలుగో తూము సగం ఎత్తాడు. మధ్యాహ్నానికల్లా నలభై ఇళ్లు మునిగాయి. వాటిలో అతనిదీ ఒకటి.

మర్నాడు పంపుహౌసుకు వెళ్లిన స్పోమెంక గోడ మీద కాగితంలో మూడు, నాలుగు, అయిదు అని చదివింది. చుట్టూ ఎవరూ లేరు. కాగితం పీకి కోటు లోపల పెట్టుకుంది.

విచారణ సంఘం స్పోమెంకను అసలు ఫైలు అడిగింది. ఇచ్చింది. అందులో మూడు, ఏడు, ఒకటి అనే ఉంది. గోడ మీద నాలుగనే ఉందని స్రేతెన్ మొత్తుకున్నా, చూపడానికి కాగితం లేదు. "పత్రం సరిగ్గానే ఉంది, పనివాడే తప్పు చదివాడు," అని తేల్చారు. తప్పు ఎప్పుడూ నిచ్చెన అడుగునున్న వాడి నెత్తినే పడుతుంది. ఈసారి దాన్ని కిందికి దొర్లించిన చెయ్యి స్పోమెంకది. అంతవరకు కార్మికుల పక్షాన గొంతు చించుకున్న మనిషి, ఆ గదిలో నోరు విప్పలేదు. స్రేతెన్ ఉద్యోగం పోయింది. పేటలో అతని పలకరింపుకు బదులిచ్చేవాళ్లు లేకుండా పోయారు.

ఏడు నెలలు ఆ కాగితం ఆమె బీరువాలో ఉంది. అక్టోబరులో పట్టుకుని అతనింటికి వెళ్లింది. కిటికీ ఎత్తుదాకా గోడకు చెమ్మ చార ఇంకా ఉంది. స్రేతెన్ కాగితం మీద వేలు పెట్టి నెమ్మదిగా చదివాడు.

"మూడు, నాలుగు, అయిదు. నేను చదివింది ఇదే. నాకే మతి పోయిందేమో అనుకున్నానమ్మా ఇన్నాళ్లూ."

తప్పు తనదని, దాచిందీ తనేనని చెప్పింది. రేపు ఈ కాగితం ఆఫీసులో ఇచ్చి అంతా ఒప్పుకుంటానంది.

"నువ్వు ఒప్పుకో. కాగితం మాత్రం నా దగ్గరుండనీ," అన్నాడు స్రేతెన్. "ఒకసారి నీ కోటులోకి వెళ్లి మాయమైందిగా."

 అతను కాగితాన్ని ఆ చెమ్మ చార మీదే మేకు కొట్టి తగిలిస్తుంటే ఆమె చూస్తూ నిలబడి, ఖాళీ చేతులతో బయటికి వచ్చింది.