లెన్సు లేని కంటికి కనిపించినది

నా కంట్లోని లెన్సు తీసేసి, కొత్తది ఇంకా పెట్టని ఆ కాస్త వ్యవధిలో, పసుపు గౌను వేసుకున్న మా పాప సంపు అంచున వంగి కనిపించింది. మూత పక్కకు తీసి ఉంది. లోపల నిండా నీళ్ళు.

దయ్యాలు, శకునాలు అంటే నవ్వేసే మనిషిని నేను. బీఎస్సీ చదివాను. ఇది రాయడానికే సిగ్గుగా ఉంది.

చిన్నప్పటి నుంచి నావి సోడాబుడ్డి కళ్ళద్దాలు. లేజర్ పనికిరాదన్నారు. మార్కాపురంలో ఒక డాక్టరు గారు, కంట్లో పుట్టుకతో ఉన్న లెన్సు తీసి, నా చూపుకు సరిపడేది అమరుస్తానన్నారు. పిల్లలిద్దరినీ గిద్దలూరులోని మా ఇంట్లో అత్తమ్మ దగ్గర వదిలి, మావారితో వెళ్ళాను. మత్తు చుక్కలే వేస్తారు, మెలకువగానే ఉంటాం. కదిలితే కన్నుకే ప్రమాదమని ముందే హెచ్చరించారు.

పైనున్న దీపం వెలుగులో గులాబీ, నీలం రంగులు తప్ప ఏమీ తెలియడం లేదు. ఉన్నట్టుండి ఆ రంగుల్లోంచి మా పెరడు, పాప కనిపించాయి. కళ్ళద్దాలతో కూడా నేనెప్పుడూ అంత స్పష్టంగా చూడలేదు.

లేచి పరిగెత్తాలనిపించింది. పిడికిళ్ళు బిగించి, పెదవులు మాత్రం కదిపాను.

“సారూ, ఇంట్లో సంపు మూత తీసి ఉంది. పాప పడిపోతాది. పసుపు గౌను.”

డాక్టరు గారి చేతులు ఆగాయి. ఆయన నవ్వలేదు, విసుక్కోలేదు. “సిస్టర్, బయట వాళ్ళాయన ఉంటాడు. ఇంటికి ఫోన్ చేయమను,” అన్నారు. తర్వాత నాతో, “ఫోన్ పోతాందమ్మా. నువ్వు దీపాన్నే చూడు. కదలొద్దు.”

ఆ చేతులు మళ్ళీ పని మొదలుపెట్టాయి. అంత భయంలో ఉన్న మనిషి కంట్లో అంత నెమ్మదిగా లెన్సు అమర్చిన ఆయన ఓర్పును తలుచుకుంటే ఇప్పటికీ చేతులు జోడించాలనిపిస్తుంది.

బయటికి తీసుకురాగానే మావారు చెప్పారు. నీళ్ళ ట్యాంకరు ఆ రోజు రావలసింది కాదు. చెప్పాపెట్టకుండా వచ్చి సంపు నింపి, మూత వేయకుండానే పోయింది. అత్తమ్మ ఫోను పట్టుకునే పెరట్లోకి ఉరికింది. పాప సంపులోకి వంగి, తన గొంతు మళ్ళీ వినపడుతోందని “కూ” అని పిలుస్తుంటే, వెనక నుంచి ఎత్తుకుంది.

సాయంత్రం ఇంటికి చేరగానే అత్తమ్మ నన్ను గట్టిగా పట్టుకుంది. “ఏందమ్మే, ఆపరేషన్‌కు పోయినావా, సోదె చెప్పేదానికి పోయినావా?” అంటూ ఏడ్చింది.

“సంపు గురించి భయం నీకెప్పుడూ ఉండేదే,” అన్నారు మావారు. నిజమే. కానీ నేను బయలుదేరేటప్పుడు పాప ఎర్ర గౌనులో ఉంది. దాని మీద పాలు ఒలికితే అత్తమ్మ తర్వాత మార్చింది. నేను పసుపు అన్నది సిస్టర్ కూడా విన్నది.

మర్నాడు పొద్దున బాబు నా మొహంలోకి తొంగి చూశాడు. “మ్మా, కొత్త కన్నుతో మేము యాడున్నా కనపడతామా?”

ఇద్దరినీ దగ్గరకు తీసుకున్నాను. “లేదు నాయనా. దీనికి ఎదురుగా ఉండేదే కనపడతాది. అందుకని నాకు కనపడేటంత దూరంలోనే ఆడుకోండి,” అని చెప్పాను.